అల్లుడుగారి ఇసుక

పదకొండో తొట్టె ముందు జనం సగటున నాలుగు సెకన్లు నిలబడతారు. ఈ లెక్క నాది కాదు, మా కొత్త మేనేజరుది. చేతిలో గడియారం పట్టుకుని స్తంభం పక్కన నిలబడి రెండు రోజులు లెక్కపెట్టాడు. పదో తొట్టెలో ముళ్ళ చేపల ముందు నలభై సెకన్లు. పన్నెండో తొట్టెలో సముద్రపు గుర్రాల ముందు నిమిషంన్నర. మధ్యలో ఉన్న పదకొండు దగ్గర తొంగి చూస్తారు, "ఖాళీగా ఉందిరా" అంటారు, వెళ్ళిపోతారు.

ఖాళీగా ఏం లేదు. ఎడమవైపు మూల, గులకరాయి పక్కన, ఇసుకలోంచి బొటనవేలంత తల ఒకటి పైకి ఉంటుంది. రెండు కళ్ళు, మూతి మీద రెండు చిన్న ముక్కు గొట్టాలు. అంత ఓపికగా చూసేవాళ్ళు వందకి ఒక్కరుంటారు. ఆ ఒక్కరూ సాధారణంగా నోట్లో వేలు పెట్టుకున్న పిల్లలే. వాళ్ళు చూపించేలోపే తల్లి రెక్క పట్టుకుని గుర్రాల దగ్గరికి లాక్కుపోతుంది.

ఈ అక్వేరియంలో ఎనిమిది నుంచి పధ్నాలుగు దాకా తొట్టెలు చూసే మనిషిని నేను. అద్దాలు తుడవడం, నీళ్ళు మార్చడం, మేత వెయ్యడం, ఎవరికి ఒంట్లో బాగాలేదో కనిపెట్టడం, సాయంత్రం రోజువారీ పుస్తకం రాయడం. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇక్కడ అందరికీ తెలుసు. చేపల మీద మాత్రం ఒక్కసారీ రాలేదు. అద్దానికి ఇవతల ఉన్నవాళ్ళే నా ప్రాణం తీస్తారు.

పదకొండులో ఉన్నది చారల పాముమలుగు. మూడడుగుల పొడవు, మీగడ రంగు ఒళ్ళు, దాని మీద వెడల్పాటి నల్ల పట్టీలు. చూస్తే సముద్రపు పామే అనుకుంటారు. విషం లేదు, పాడూ లేదు, ఒట్టి అమాయకపు చేప. పెద్ద చేపలు పామనుకుని జోలికి రాకుండా ఉండడానికి ఆ వేషం. దాని విద్య అంతా తోకలో ఉంది. మిగతా చేపలకి తోక చివర విసనకర్రలాంటి రెక్క ఉంటుంది. దీనికి అది లేదు. చెప్పులు కుట్టే ఆరెలాగా గట్టిగా, మొనదేలి ఉన్న కొస ఉంటుంది. ఆ కొసని ఇసుకలో గుచ్చి, ఒళ్ళు మెలితిప్పుకుంటూ, వెనక్కి వెనక్కి లోపలికి వెళ్ళిపోతుంది. పది లెక్కపెట్టేలోపు మూడడుగుల చేప మాయమై తల మిగులుతుంది.

వెచ్చటి సముద్రంలో, పగడపు దిబ్బకీ ఒడ్డుకీ మధ్య, మోకాలి లోతు నీళ్ళలో, సముద్రపు గడ్డి పక్కన తెల్లటి మెత్తటి ఇసుక పరుచుకుని ఉంటుంది. అక్కడిది ఇది. ఆ ఇసుకే దానికి ఇల్లూ, దుప్పటీ, గొళ్ళెం పెట్టుకున్న తలుపూ. ఆకలేసినప్పుడు వాసన పట్టుకుని బయటికొస్తుంది, పీతల బొరియల్లో మూతి దూర్చి వెతుక్కుంటుంది, కడుపు నిండగానే మళ్ళీ ఇసుకలోకి. ఆరేళ్ళ కిందట పీతల బుట్టలో పడితే ఒక జాలరి తెచ్చి ఇచ్చాడు. అప్పుడు తెప్పించిన ఇసుక గరుకుగా ఉందని తిప్పి పంపేశాను. రెండోసారి వచ్చినదాన్ని నేనే జల్లెడ పట్టి, పదకొండుసార్లు నీళ్ళు మార్చి కడిగి, జానెడు లోతు పక్క వేశాను. మా పంపుల మేస్త్రి అటుగా వెళ్తూ, "అక్కా, నీ పెళ్ళికి కూడా ఇంత మెత్తటి పరుపు వేసుండవు" అన్నాడు.

దాన్ని నేను అల్లుడుగారు అంటాను. గదిలోంచి కదలడు, వడ్డిస్తే గాని బయటికి రాడు, తిన్నాక పలకరిద్దామంటే తలుపేసుకుంటాడు. మాకు ఇద్దరూ కొడుకులే. "కూతురు లేకపోయినా అల్లుడి మర్యాదలు తప్పలేదు నీకు" అని మా ఆయన నవ్వుతూ ఉంటాడు. ఆయన ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపి ఈ మధ్యే ఇంటిపట్టున ఉంటున్నాడు. నేను చెప్పే చేపల కబుర్లు ఆయనకి టీవీ కంటే ఇష్టం.

ఇక మేనేజరు సంగతి. మా పెద్దకొడుకు వయసు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. పొద్దున్నే అందరికంటే ముందొస్తాడు, నేల మీద కాగితం కనిపిస్తే తనే తీస్తాడు. కానీ కంటితో చూసినదాన్ని నమ్మడు, కాగితం మీద రాసినదాన్ని నమ్ముతాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు అభిప్రాయాలు రాసే పుస్తకం గేటు దగ్గర ఉంటుంది. అది చంకలో పెట్టుకుని ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఇరవై మూడు మంది రాశారు, పదకొండులో చేప లేదని."

"ఉంది కదండీ."

"ఉంటే సరిపోదమ్మా, కనపడాలి. ఆ ఇసక తీసేస్తే కనపడుతుంది కదా?"

అద్దం తుడుస్తున్న గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. "ఇసక తీసేస్తే చచ్చిపోతుంది సార్. అది దాని ఇల్లు. మీ ఇంటి పైకప్పూ గోడలూ పీకేసి, వీధిలోవాళ్ళకి కనపడుతున్నారు కదా, కూర్చోండి అంటే కూర్చుంటారా?"

ఆయన నవ్వాడు. నవ్వి, "సరే, మూడు నెలలు చూద్దాం. రోజుకి గంటైనా బయటికి వచ్చేలా అలవాటు చెయ్యండి. మీ పుస్తకంలో ఎంతసేపు బయట ఉందో రాయండి. అది చూసి ఆలోచిద్దాం" అన్నాడు. రోజువారీ పుస్తకంలో ఒక కొత్త గడి గీయించాడు. దాని పేరు 'బయట ఉన్న సమయం'.

ఆ మర్నాటి నుంచి నేను అల్లుడుగారికి మర్యాదలు పెంచాను. సన్నటి పుల్ల చివర రొయ్య ముక్క గుచ్చి, మూతికి జానెడు దూరంలో ఆడించేదాన్ని. మొదటి వారం తల కూడా కదపలేదు. రెండో వారం బెత్తెడు బయటికి వచ్చి ముక్క లాక్కుని వెనక్కి జారిపోయింది. నెల తిరిగేసరికి ఒకరోజు ఒళ్ళంతా బయటికి వచ్చింది. ఇసుక మీద నల్ల పట్టీలు అలలు అలలుగా కదులుతుంటే నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. తొట్టె ముందు ఎవరూ లేరు, సముద్రపు గుర్రాల దగ్గరే ఉన్నారు. తొట్టె అంతా ఒక చుట్టు తిరిగి, వెనక్కి వెనక్కి ఇంట్లోకి వెళ్ళిపోయింది. గడియారం చూశాను. నాలుగు నిమిషాలు.

దానికంటే ఎక్కువ ఎప్పుడూ రాలేదు. అదే దాని శక్తి. బయట ఉన్నంతసేపూ దాని దవడలు ఎంత వేగంగా ఆడేవో నాకు తెలుసు, అది భయంతో రొప్పుతూ ఉండేది.

ఆ సాయంత్రం పుస్తకం తెరిచి కొత్త గడిలో నాలుగు అని రాశాను. ఆ అంకె కేసి చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలు చూసి ఈ మనిషి ఇసుక ఉంచుతాడా? నాలుగు పక్కన ఒక సున్నా చుట్టాను. నలభై. పంతొమ్మిదేళ్ళలో ఆ పుస్తకంలో నేను రాసిన మొదటి అబద్ధం అది. ఒక చేప చచ్చిపోతే నా తప్పే అని రాసిన రోజులున్నాయి గాని, లేనిది ఉన్నట్టు ఎప్పుడూ రాయలేదు.

ఇంటికి వెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన చెంచా పక్కన పెట్టి, "అబద్ధం ఆడినా అతికినట్టుండాలే. నలభై నిమిషాలంటే మాటలా? ఎవడైనా వచ్చి చూస్తే?" అన్నాడు.

"ఎవడొస్తాడు చూడ్డానికి? నాలుగు సెకన్లు నిలబడే మొహాలు."

"మేనేజరు రాడా?"

"ఆయన పుస్తకం చూస్తాడు, చేపని చూడడు" అన్నాను. ఆ మాట నిజమే అయింది. ఆ నిజమే నా కొంప ముంచింది.

నలభై రాసిన మర్నాడు నాలుగు రాస్తే అనుమానం వస్తుంది కదా. నలభై రెండు రాశాను. తర్వాత యాభై. గంట అడిగాడు కాబట్టి రెండో నెలాఖరుకి గంట దాటించాను. గంట దాటాక గంట పావు, గంటన్నర. రాస్తున్నకొద్దీ చెయ్యి తేలికైపోయింది. దాని ఇంటి చుట్టూ నేను కోట కడుతున్నాననుకున్నాను. మూడు నెలలు నిండేసరికి పుస్తకంలో అల్లుడుగారు రోజుకి రెండు గంటల పది నిమిషాలు బయట షికారు చేస్తున్నారు. నిజం అల్లుడుగారు నాలుగు నిమిషాలు రొప్పి లోపలికి పోతున్నారు.

మూడు నెలలు కాగానే మేనేజరు అందరినీ మీటింగుకి పిలిచాడు. నా పుస్తకం బల్ల మీద ఉంది. అంకెలన్నీ కలిపి ఒక గీత గీయించాడు, కింద నుంచి పైకి, మెట్లెక్కినట్టు ఎక్కిపోతోంది ఆ గీత. "చప్పట్లు కొట్టండి" అన్నాడు. అందరూ కొట్టారు. నేను సిగ్గుతో తల దించుకుంటే వినయం అనుకున్నారు.

"చూశారా, బయట ఉండడం దానికి ఎంత అలవాటైందో! ఇసక లేకుండా రెండు గంటలు హాయిగా ఉంటున్న చేప రోజంతా ఎందుకుండదు? వచ్చే సోమవారం ఇసక తీసేద్దాం. కింద నీలం గాజు వేస్తున్నాం, అడుగునుంచి లైట్లు. పై ఆఫీసు నుంచి అనుమతి కూడా వచ్చేసింది. ఇదంతా అమ్మగారి కృషి."

లేచి నిలబడ్డాను.

"సార్, అదంతా అబద్ధం. అది నాలుగు నిమిషాల కంటే ఎప్పుడూ బయట లేదు. ఇసక ఉంచుతారని నేనే పెంచి రాశాను."

మేనేజరు నా కేసి చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళలో కోపం లేదు, జాలి ఉంది. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

"అమ్మా, మీకు దాని మీద ప్రేమ. నాకు అర్థమవుతుంది. ఇసక తీసేస్తున్నామనేసరికి ఇలా అంటున్నారు. పంతొమ్మిదేళ్ళలో మీ పుస్తకంలో ఒక్క తప్పు లేదని పాత మేనేజరు కూడా చెప్పారు నాకు. ఆ పుస్తకాన్ని నమ్మాలా, ఇప్పుడు మీరు ప్రేమ కొద్దీ అంటున్న మాట నమ్మాలా?"

"నా మాటే నమ్మండి, నేనేగా అదీ రాసింది!"

"పోనీ మీరన్నదే నిజమనుకుందాం. అప్పుడు పంతొమ్మిదేళ్ళ పుస్తకాలూ పారెయ్యాలి. మీరు ఇసక కావాలంటున్న మాట కూడా పారెయ్యాలి. ఎటు చూసినా నా దగ్గర మిగిలేది ఈ అంకెలే కదమ్మా."

ఒక గంట తొట్టె ముందు నిలబడి మీరే చూడండి అంటే, "మూడు నెలల లెక్క ఉండగా ఒక్క గంట చూస్తే ఏం తెలుస్తుందమ్మా" అన్నాడు. తర్కంలో ఎక్కడా కన్నం లేదు. నేను తీసిన గోతిలో నన్నే నిలబెట్టి, మెత్తగా మట్టి వేశాడు.

చేపల డాక్టరమ్మ నెలకోసారి వస్తుంది. ఆమెకి ఫోన్ చేశాను. ఆమెకి పాముమలుగు సంగతి తెలుసు, ఇసుక లేకుండా ఉంచకూడదనీ తెలుసు. "రాసిస్తానులెండి" అంది. రెండు రోజులకి ఉత్తరం వచ్చింది. 'సాధారణంగా ఈ జాతికి లోతైన ఇసుక అవసరం. అయితే రోజువారీ పుస్తకం ప్రకారం ఈ చేప బయట ఉండడానికి అసాధారణంగా అలవాటుపడినట్టు కనిపిస్తోంది. జాగ్రత్తగా గమనిస్తూ ప్రయత్నించవచ్చు.' పాము చావకుండా కర్ర విరగకుండా అంటారే, అలా. మళ్ళీ ఫోన్ చేసి నిజం చెప్పాను.

"నేను కళ్ళతో చూడలేదు కదండీ. రికార్డుని కాదని ఎలా రాయను? మీరే రాశారు మరి" అంది.

"పోనీ సముద్రంలో వదిలేద్దాం డాక్టరమ్మా. ఎక్కడ పట్టారో ఆ జాలరికి తెలుసు."

"ఆరేళ్ళు వేరే వేరే చేపల నీళ్ళలో పెరిగింది. ఏ రోగం మోసుకెళ్తుందో తెలీదు. అక్కడున్న వాటన్నిటికీ అంటిస్తుంది. అది మాత్రం కుదరదు."

వేరే తొట్టెలో పెడదామంటే, ఇసుక ఉన్నది ఇంకొక్కటే, అందులో దాన్ని ఒక్క గుక్కలో మింగేసే చేపలున్నాయి. వెనక గదిలోని తొట్టె జబ్బు చేపల్ని ఉంచే ఒట్టి ఫైబరు డబ్బా, అందులో ఇసుక వెయ్యకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సోమవారం సెలవు పెట్టమన్నాడు మా ఆయన. "నువ్వు చూడలేవు. ఎవరో ఒకరు తీస్తారులే" అన్నాడు. ఆ ఎవరో ఒకరు పార పెట్టి తీస్తారు. పార అంచు దాని ఒంటికి తగిలితే? అందుకే వెళ్ళాను. నేను వేసిన పక్క నేనే తీశాను.

గొట్టం పెట్టి ఇసుక లాగుతుంటే మేస్త్రి రెండో కొస పట్టుకున్నాడు. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి, ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు. కుడివైపు నుంచి మొదలుపెట్టాం. ఇసుక తగ్గుతున్నకొద్దీ అది ఎడమ మూలకి జరిగింది. చాపంత ఇసుక మిగిలింది, తర్వాత పళ్ళెమంత. ఆ పళ్ళెంలో చుట్టలు చుట్టుకుని, తల కూడా లోపలికి లాక్కుంది. మేస్త్రి గొట్టం ఆపేశాడు.

"అక్కా, ఇంతన్నా ఉంచుదామా?"

అద్దానికి అవతల నిలబడి ఉన్న మేనేజరు వేలితో ఆ మూల చూపించాడు. "అది ఉంచితే అందులోనే కూర్చుంటుందమ్మా" అన్నాడు. అది నిజమే. ఆ మనిషి ఎప్పుడూ అబద్ధం ఆడడు.

చేతులతో తీశాను మిగిలింది. నా వేళ్ళ మధ్య నుంచి ఇసుక జారిపోతుంటే, దాని వెంట అదీ వేళ్ళ మధ్య దూరడానికి చూసింది. నీలం గాజు వేశారు. లైట్లు వేశారు. ఇసుక నాలుగు బస్తాలకెత్తి వెనక తోటలో దారి మీద పరిచేశారు.

మొదటి రోజు అది గాజు మీద తోక కొస గుచ్చింది. జారింది. పక్కకి జరిగి మళ్ళీ గుచ్చింది, మళ్ళీ జారింది. తొట్టె నలుమూలలా, అడుగు అడుగునా, ఎక్కడో ఒకచోట మెత్తగా తగలకపోతుందా అన్నట్టు వెతుకుతూనే ఉంది. ఒళ్ళంతా మెలికలు తిరుగుతుంటే నల్ల పట్టీలు కింది వెలుగులో మెరిసిపోయాయి. అద్దం ముందు జనం గుమిగూడారు.

"అబ్బ, ఎంత బాగా డాన్స్ చేస్తోందో!"

"వీడియో తియ్యి, వీడియో తియ్యి."

మేనేజరు గడియారం పట్టుకుని స్తంభం దగ్గర ఉన్నాడు. మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. ఏ తొట్టెకీ అంత లేదు.

రెండో రోజు రొయ్య ముక్క ముట్టలేదు. మూతి మీద పెట్టినా పక్కకి తిరిగింది. మూడో రోజు పైకెక్కి మూతని తోసింది, మూత మీద బరువు పెట్టారు. నేను ఒక ప్లాస్టిక్ గొట్టం ముక్క తెచ్చి వేశాను, అందులోకి చటుక్కున దూరింది, సగం రోజు ఊపిరి పీల్చుకున్నాను. చేప కనపడడం లేదని సాయంత్రానికి గొట్టం తీసేయించారు. నాలుగో రోజుకి తోక కొస తెల్లబడింది. ఐదో రోజుకి ఆ తెల్లటి చోట ఎర్రగా చీలింది. డాక్టరమ్మకి ఫొటో పంపితే మందు రాసింది, నీళ్ళలో కలపమని. కలిపాను. మేనేజరుకి చూపించాను. ఆయన వంగి చూశాడు, మొహం కొంచెం ముడుచుకుంది కూడా. "అలవాటయ్యేదాకా ఉంటుందేమో. నెల చూద్దాం" అన్నాడు. నెల! నా చేతిలో ఉంటే ఆ నెలని ఆయన నెత్తిన కుమ్మరించేదాన్ని. నా చేతిలో నీళ్ళ బకెట్టు తప్ప ఏం లేదు.

ఇంటికి వెళ్ళి మా ఆయన్ని తిట్టాను, ఉత్తపుణ్యానికి. ఆయన లేచి నాకు అన్నం వడ్డించాడు.

ఆరో రోజు పొద్దున, తలుపులు తీసి గంటైంది. అప్పటికే జనం ఉన్నారు. అది గాజుని పొడుస్తూనే ఉంది, కానీ నెమ్మదిగా, నిద్రలో కొట్టుకున్నట్టు. మందు వెయ్యడానికి మూత తీసి చెయ్యి లోపలికి పెట్టాను. మోచేతి దాకా మునిగింది. నా అరచెయ్యి అడుగున గాజుకి ఆనించి ఉంది. అది వెనక్కి వెనక్కి వచ్చింది. చిరిగిన తోక కొస నా వేళ్ళ సందులో దూర్చింది. మెత్తగా తగిలింది కాబోలు, ఆగింది. ఇంకొంచెం తోసింది. నేను మెల్లగా గుప్పిట ముడిచాను. తోక కొస లోపల, దాని వెనక బెత్తెడు ఒళ్ళు లోపల. ఇంకా లోపలికి రావాలని ఒళ్ళు మెలితిప్పింది. నా గుప్పిట ఎంత? అది మూడడుగుల చేప.

మిగతా ఒళ్ళు నా మణికట్టు చుట్టూ చుట్టుకుని, తల నా చెయ్యి మీద ఆనించి, కదలకుండా ఉండిపోయింది. ఆ గొట్టం తీసేయించాక మొదటిసారి కదలకుండా ఉంది. దవడలు మెల్లగా ఆడుతున్నాయి.

అద్దానికి అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. ఒక తల్లి పిల్లని ఎత్తుకుని చూపిస్తోంది, "చూడమ్మా, ఆంటీ దగ్గర ఎంత ముద్దుగా పడుకుందో." మేనేజరు వెనక మెట్ల మీదుగా పరుగున వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, ఇది అద్భుతం! రోజూ చెయ్యగలరా? పదకొండింటికోసారి, నాలుగింటికోసారి బోర్డు పెట్టిద్దాం."

చెయ్యి మొద్దుబారుతోంది. ఒకసారి, ఒక్కసారి, గుప్పిట కొంచెం వదులు చేసి చూశాను. వెంటనే తోక జారి, గాజుని వెతుక్కుంటూ కిందికి పోయింది, టక్ మని తగిలింది. మళ్ళీ గుప్పిట దాని దగ్గరికి తీసుకెళ్ళాను. మళ్ళీ దూరింది.

"అమ్మా, ఏమంటారు? రోజుకి రెండుసార్లు. పావుగంట చాలు."

"సరే సార్" అన్నాను.

ఆయన బోర్డు రాయించడానికి వెళ్ళాడు. మేస్త్రి ఒక స్టూలు తెచ్చి నా వెనక పెట్టాడు. దాని మీద కూర్చుని, చెయ్యి నీళ్ళలోనే ఉంచాను.